పదకొండో గది పడక

జూన్ 9, సోమవారం

ఖర్చు: లేదు.

రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు ఖర్చు రాసుకోవడం నాకు పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటు. ఈ వారం రైలు టికెట్ల దగ్గర్నుంచి స్టేషన్లో తాగిన కాఫీ దాకా అన్నీ అమ్మాయే కట్టేసింది. రాయడానికి ఏమీ లేదు. పేజీ ఖాళీగా వదలడానికి మనసొప్పదు. అందుకని జరిగింది రాస్తున్నాను.

హోటల్ బాగా పాతది. మొదట్లో ఇది పియానోలు అమ్మే దుకాణమట. ఎవరూ చెప్పకపోయినా తలుపులు చూస్తే తెలిసిపోతుంది. ఒక్కోటి రెండు తలుపులంత వెడల్పు. మెట్లు కూడా అంతే. బరువు మోసుకుంటూ నలుగురు మనుషులు మలుపు తిరగడానికి వీలుగా కట్టారు. ఇక లిఫ్ట్ నా వర్క్‌షాపంత ఉంది. పియానోతో పాటు మోసేవాళ్ళు కూడా ఎక్కేవారట. ఇప్పుడు అందులో ఒక బెంచీ వేసి ఎర్ర మఖమల్ గుడ్డ పరిచారు. లిఫ్ట్‌లో కూర్చుని పైకి వెళ్ళడం నా జన్మలో ఇదే మొదటిసారి.

నేను మోటార్లకు తీగ చుట్టేవాణ్ణి. బడి ఐదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా కాలిపోయిన మోటార్లు విప్పి నేర్చుకున్నదే. బెంచీ మీద కూర్చుని ఈ లిఫ్ట్ మోటారు చప్పుడు విన్నాను. పిల్లి నిద్రలో గుర్రుమన్నట్టు ఉంది. దాన్ని ఎవరో కన్నబిడ్డలా చూసుకుంటున్నారు. అది విన్నాక ఈ ఇంటి మీద నమ్మకం కుదిరింది.

పోయిన నెలాఖరున మా ఆవిడ రిటైరైంది. పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకి హెడ్ నర్సు. అప్పటినుంచి ఆమెకు సరిగ్గా నిద్ర లేదు. అమ్మకి విశ్రాంతి కావాలని అమ్మాయి ఇక్కడ ఏడు రాత్రులు బుక్ చేసింది. మూడో అంతస్తులో పదకొండో గది మాది. లోపలికి రాగానే మా ఆవిడ మంచం మీద చెయ్యి వేసి, చుట్టూ చూసి, ఏమండీ, ఏడు రోజులు నేనిక్కడ ఏం చెయ్యాలి అని అడిగింది. ఏమీ చెయ్యకూడదనే కదా పంపింది అన్నాను. ఏమీ చెయ్యకపోవడం ఎలా చేస్తారో అది కూడా నేర్పి పంపాల్సింది మీ కూతురు అంది.

జూన్ 10, మంగళవారం

ఖర్చు: లేదు.

నేను స్నానం చేసి వచ్చేసరికి మంచం సర్దేసి ఉంది. దుప్పటి మూలలన్నీ పరుపు కిందికి బిగించి తోసింది. పైన నాణెం వేస్తే ఎగిరిపడేలా ఉంది. పక్కమీద ముడత ఉంటే రోగి వీపు మీద పుండు పడుతుందని ఆమె సిద్ధాంతం. ఇక్కడ రోగి ఎవరని అడగబోయి ఊరుకున్నాను.

కాసేపటికి గది సర్దే అమ్మాయి వచ్చింది. మంచం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. రాత్రి మీరు పడుకోలేదా మేడమ్ అని అడిగింది. మా ఆవిడ నవ్వింది. అంతే, ఇద్దరికీ స్నేహం కుదిరింది. నాకు నలభై ఏళ్ళుగా ఎదురింటాయన పూర్తి పేరు తెలియదు. మా ఆవిడకి ఈ అమ్మాయి కథంతా తెలియడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

ఆ అమ్మాయికి ఒక కూతురు, ఆరేళ్ళది. భర్త లేడు. కూతుర్ని వేరే ఊళ్ళో అక్క దగ్గర ఉంచింది. పిల్ల అన్నం దగ్గర బావ మొహం చిట్లిస్తాడట. ఇక్కడ ఈమెది మూడు నెలల ట్రయల్. వచ్చే ఆదివారంతో గడువు అయిపోతుంది. పర్మనెంట్ అయితే హోటల్ వెనకున్న క్వార్టర్స్‌లో ఒక గది ఇస్తారు, పిల్లని తెచ్చుకోవచ్చు. కాకపోతే సంచీ సర్దుకోవడమే.

పర్మనెంట్ చెయ్యడానికి ఇక్కడ ఒక పద్ధతి ఉంది. నాకు చాలా నచ్చింది. దుకాణం యజమాని పోయాక ఆయన భార్య దీన్ని హోటల్ చేసిందట. అద్దెకిచ్చే ముందు ప్రతి గదిలోనూ తనే ఒక రాత్రి పడుకుని చూసిందట. అప్పటినుంచీ ఇక్కడ గదులు సర్దే ప్రతి మనిషీ ట్రయల్ ముగిసేలోగా తను సర్దే గదుల్లో ఒకదాంట్లో ఒక రాత్రి అతిథిగా ఉండాలి. మిగతావాళ్ళు ఆమెకు మర్యాదలు చేస్తారు. దాన్ని అతిథి రాత్రి అంటారు. మర్నాడు ఉద్యోగం ఖాయం. ఈ అమ్మాయి అతిథి రాత్రి శనివారం.

చెబుతూనే ఆమె మా ఆవిడ బిగించిన మూలలన్నీ లాగేసి మళ్ళీ సర్దింది. ఈ హోటల్లో దుప్పటి అంచులు వదులుగా వేలాడాలట. పడుకున్నవాళ్ళ కాళ్ళకి ఊపిరాడాలని ఆ పెద్దావిడ చెప్పిపోయిందట. మా ఆవిడ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ బిగించేసింది.

బాగా నిద్రపోయింది. రిటైరయ్యాక ఇదే మొదటిసారి.

జూన్ 11, బుధవారం

ఖర్చు: లేదు. వాన. మా ఆవిడ పక్కగదుల మంచాలు కూడా సర్ది వచ్చిందని నా అనుమానం.

జూన్ 12, గురువారం

ఖర్చు: లేదు. ఉంటే బాగుండేది. వచ్చింది నష్టం.

నిన్నటి అనుమానం నిజమే. నాకు తెలియకుండా వాళ్ళిద్దరూ ఒప్పందం చేసుకున్నారు. ఆ అమ్మాయికి పొద్దున్నుంచీ మెట్లెక్కి దిగి చీలమండలు వాచాయట. మా ఆవిడ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టి, మంచం తనే సర్దుతోంది. అక్కడితో ఆగితే ఆవిడ మా ఆవిడ ఎందుకవుతుంది? నిన్న వానకి బయటికి వెళ్ళే వీలు లేక పన్నెండు, పదమూడు గదులు కూడా సర్దిపెట్టింది. తోచీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి వెళ్ళినట్టు. మేడమ్ అన్న పిలుపు పోయి ఆ అమ్మాయి ఇప్పుడు పిన్నీ అంటోంది. ఆ లెక్కన నేను బాబాయినయ్యాను.

పదమూడో గదిలో ఒక పొడుగాటి ఆయన దిగాడు. ఆయన కింద ఫిర్యాదు చేశాడట. దుప్పట్లోకి కాళ్ళు దూర్చలేకపోయాననీ, తెల్లవార్లూ పోస్టు పార్సిల్లా పడుకున్నాననీ.

దాంతో సూపర్‌వైజర్ పైకి వచ్చింది. పనివాళ్ళు ఆవిడకి ఇస్త్రీ అని పేరు పెట్టారు. ఆవిడ యూనిఫాం మడతతో కూరగాయలు తరగొచ్చని ఆ అమ్మాయి అంటుంది. మా ఆవిడ అప్పుడు మేడ మీద ఉంది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను, భుజం మీద తువ్వాలుతో. ఇస్త్రీ గారు మర్యాదగా నమస్కారం పెట్టి, మా మంచం వంక చూసి, ఇది ఎవరు సర్దారు సార్ అని అడిగింది.

తెలియదండీ అన్నాను.

ఎందుకలా అన్నానో ఆలోచిస్తున్నాను. పెద్ద హోటల్లో దిగి కూడా గదులు సర్దుకునే మనిషని మా ఆవిడని చూసి నవ్వుతారేమో అనిపించింది. ఆమెకేం కాకూడదనుకున్నాను. ఆ మాట పోయి ఎవరి మీద పడుతుందో చూసుకోలేదు.

సాయంత్రం ఆ అమ్మాయి వచ్చి గుమ్మం బయటే నిలబడింది. అతిథి రాత్రి లేదన్నారట. మూడు నెలలు నేర్పినా ఈ ఇంటి తీరు తెలియలేదు, ఇది ఆసుపత్రి కాదు, ఆదివారం లెక్క చూసుకుని వెళ్ళు అన్నారట. మరి ఇది మా పిన్ని సర్దిందని నువ్వెందుకు చెప్పలేదే పిచ్చిదానా అని మా ఆవిడ అరిచింది. ఎలా చెప్పను పిన్నీ, మూల తప్పు వేస్తే ఆదివారం పంపిస్తారు, అతిథితో పని చేయించానంటే ఈ పూటే పంపిస్తారు అంది. ఏడవలేదు. పిల్లకి కొన్న కొత్త చెప్పులు ఈలోపు చిన్నవైపోతాయేమోనని మాత్రం అంది.

ఆమె వెళ్ళాక మా ఆవిడ నా వైపు తిరిగింది. ఆవిడ వచ్చి అడిగినప్పుడు మీరేమన్నారు అని అడిగింది. చెప్పాను. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డా పోయేదే, నోరు విప్పి మరీ తెలియదన్నారా అంది. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే ఈ గది ఎంత పెద్దదో తెలుస్తుంది.

జూన్ 13, శుక్రవారం. ఉదయం ఏడు

మా ఆవిడ లేవకముందే కిందికి దిగాను. మెట్ల మీంచే వెళ్ళాను. లిఫ్ట్ ఎక్కితే మనసు మారుతుందేమోనని భయం వేసింది.

ఇస్త్రీ గారు అద్దాల గదిలో తువ్వాళ్ళు లెక్కపెడుతోంది. నేనేం మాట్లాడానో ఇక్కడ రాసుకుంటున్నాను. మళ్ళీ ఇంత పొడుగు మాట్లాడతానన్న నమ్మకం లేదు.

నిన్న మీతో అబద్ధం చెప్పానండీ అన్నాను. మా మంచం మా ఆవిడే సర్దింది. పక్క గదులవీ ఆవిడే సర్దింది. ఆమె నర్సు. రిటైరైన మర్నాటి నుంచీ రోజూ చీకటితోనే లేచి, డ్యూటీ బట్టలు వేసుకుని, గుమ్మం దాకా వచ్చి, గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళి విప్పేసేది. నేను చూడలేదనుకునేది. చూసి కూడా ఏం చెప్పాలో తెలియక నిద్రపోతున్నట్టు పడుకునేవాణ్ణి. మా అమ్మాయికీ నాకూ తోచని వైద్యం మీ అమ్మాయికి తోచింది. ఆ చేతులకి పని ఇచ్చి తను కుర్చీలో కూర్చుంది. ఇక్కడికొచ్చాక మా ఆవిడ నిద్రపోతోంది. మీ హోటల్లో మాకు జరిగిన మర్యాదల్లో అదే పెద్దదండీ. దానికి ఆ పిల్లని పంపించేస్తే మేము ఆ మంచం మీద పడుకోలేం.

ఆవిడ చేతిలోని తువ్వాలు మడిచి దొంతర మీద పెట్టింది. తర్వాత అంది: ఈ ఉద్యోగంలో అతిథులు తువ్వాళ్ళు పట్టుకుపోయారని విన్నాను, కుళాయి పిడులు విప్పుకుపోయారని విన్నాను, మంచాలు సర్దిపెట్టి పోతున్నారని వినడం ఇదే మొదలు.

నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

ఆ అమ్మాయి కుర్చీలో కూర్చున్నది కాళ్ళ నొప్పికి కాదని మీరెలా చెప్పగలరని అడిగింది. రెండింటికీ అయి ఉంటుందండీ అన్నాను. ఆ జవాబు ఆవిడకు నచ్చినట్టుంది. చివరికి ఇలా తేల్చింది. ఈ రోజు ఆ అంతస్తులోని గదులన్నీ ఆమె ఒక్కతే సర్దాలి. తర్వాత తను స్వయంగా చూస్తుంది. ఇంటి తీరు తెలిసిందనిపిస్తే అతిథి రాత్రి ఇస్తుంది. లేకపోతే లేదు. ఒక షరతు. పని అయ్యేదాకా మేడమ్ గారు కిందే ఉండాలి. ఎలా ఆపుతారో మీ ఇష్టం సార్ అంది.

అదే రోజు, మధ్యాహ్నం

మా ఆవిడని కింద కూర్చోబెట్టడం కన్నా ఎద్దుని చెట్టెక్కించడం తేలిక.

కాఫీ తాగింది. పేపరు తిరగేసింది. హాల్లో కుర్చీల మీది దిళ్ళు సవరించబోతే చెయ్యి పట్టుకున్నాను. దానికేం చేతకాదండీ, పదమూడో గది కిటికీ పక్క ఇరుకు, మంచం జరపాలని దానికి తెలుసో లేదో అని ఒకటే గోల. ఆమెను ఆపాలంటే నేను మాట్లాడాలి. నా మాటల సరుకంతా పొద్దున్నే ఖర్చయిపోయింది. అందుకని లిఫ్ట్‌కి తీసుకెళ్ళాను.

బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. పైకి వెళ్ళాం. కిందికి వచ్చాం. మళ్ళీ పైకి. లిఫ్ట్ నడిపే ముసలాయన ఏ అంతస్తని అడగడం మానేశాడు. మోటారు గురించి చెప్పాను. తీగ ఎలా చుడతారో, ఒక్క చుట్టు వదులైతే వేడి ఎక్కడ పుడుతుందో, మంచి మోటారు ఎందుకు పెద్దగా మాట్లాడదో. అలాగా, మంచి మోటారు మాట్లాడదన్నమాట అంది మా ఆవిడ నా వంక చూసి. ముసలాయన గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

ఈ గోడల్లో సీసా బిరడాలు చేసే బెరడు ముక్కలు దట్టించారని ఆయనే చెప్పాడు. ఒక గదిలో పియానో వాయిస్తే ఇంకో గదికి వినపడకూడదని అప్పట్లో అలా కట్టారట. ఎవరి సంగీతం వాళ్ళది అన్నాడు. ఎంత ఆలోచించి కట్టారో. చెయ్యి పెట్టి చూశాను. గోడ వెచ్చగా ఉంది.

మూడో అంతస్తు దాటినప్పుడల్లా జాలీ తలుపులోంచి ఆ అమ్మాయి కనబడేది. ఒకసారి దుప్పట్ల దొంతర గడ్డం దాకా ఎత్తుకుని. ఒకసారి బకెట్టుతో. ఒకసారి ఏమీ లేకుండా, చెమట తుడుచుకుంటూ. అప్పుడు మమ్మల్ని చూసింది. మా ఆవిడ బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది, దిగకుండా.

అదే రోజు, సాయంత్రం

తనిఖీ అయింది. ఆ అమ్మాయి చెప్పిందీ, నేను గుమ్మంలోంచి చూసిందీ కలిపి రాస్తున్నాను.

ఇస్త్రీ గారు ఒక్కో గదిలోకీ వెళ్ళి దుప్పటి అంచు కింద చెయ్యి పెట్టి చూసింది. అన్నీ వదులుగా, గాలికి ఊగేలా ఉన్నాయి. పన్నెండు బాగుంది. పదమూడు బాగుంది. మంచం జరిపి సర్దింది కూడా. మా ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

ఆఖర్న మా గది. మంచం చుట్టూ తిరిగి ఆవిడ ఒకచోట ఆగింది. మూడు మూలలు వదులుగా ఉన్నాయి. కిటికీ వైపు కాళ్ళ దగ్గరి మూల ఒక్కటే పరుపు కిందికి బిగించి ఉంది, ఆసుపత్రి పద్ధతిలో.

మా ఆవిడ, నేను కాదండీ, ఒట్టు, నేను లిఫ్ట్‌లోనే ఉన్నాను అంది.

ఈ ఒక్క మూల ఎందుకిలా ఉందని ఇస్త్రీ గారు అడిగింది. పాపం ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. సర్దుతున్నప్పుడు తప్పని తెలుసు మేడమ్ అంది. తీసేద్దామని రెండుసార్లు వంగాను. కానీ అటు పక్క పిన్ని పడుకుంటుంది. కాళ్ళు బిగించి ఉంటే తప్ప ఆవిడకి నిద్ర పట్టదు. బాబాయి గారిది ఇటు పక్క, ఆయనకి ఎలా ఉన్నా ఒకటే, అందుకని ఇటు వదిలేశాను అంది.

ఇస్త్రీ గారు జేబులోంచి పెన్ను తీసింది. గుమ్మం వెనక తగిలించిన గది కార్డు మీద ఏదో రాసి వెళ్ళిపోయింది. మేము ముగ్గురం ఒకరినొకరు తోసుకుంటూ వెళ్ళి చదివాం.

కిటికీ వైపు, కాళ్ళ మూల బిగించాలి. ఈ గదికి ఇదే పద్ధతి.

ఆ కింద: అతిథి రాత్రి, రేపు.

జూన్ 14, శనివారం

ఖర్చు: లేదు. ఇచ్చినది ఒకటుంది, ఏ పద్దు కింద రాయాలో తెలియదు.

పొద్దున్నే కొత్త చిక్కు. అతిథి రాత్రికి ఒక ఖాళీ గది కావాలి, అదీ ఆమె సర్దే గదుల్లోనే. పన్నెండో గదివాళ్ళు ఈ రోజు వెళ్ళాల్సింది. ఊరు నచ్చిందని ఉండిపోయారు. పదమూడాయన కూడా కదల్లేదు. ఇప్పుడు నిద్ర బ్రహ్మాండంగా పడుతోందట. రేపటితో ట్రయల్ గడువు అయిపోతుంది. ఆ తర్వాత మళ్ళీ మొదటి నుంచి మూడు నెలలు. క్వార్టర్స్ గది ఈలోపు ఇంకెవరికో వెళ్ళిపోతుంది.

ఇస్త్రీ గారు ఈ సంగతి చెబుతున్నప్పుడు మా ఆవిడ నోరు తెరిచింది. ఆమెకంటే ముందు నేను అన్నాను: మా గది ఇవ్వండి.

ఇలా మా ఆవిడ కంటే ముందు మాట్లాడటం మా కాపురంలో ఎప్పుడూ జరగలేదు. ఆమె తెరిచిన నోరు అలాగే కాసేపు ఉంచి, అత్త సొమ్ము అల్లుడు దానం విన్నాను గానీ, కూతురి సొమ్ము తండ్రి దానం ఇప్పుడే చూస్తున్నాను అంది. అని చీర కుచ్చిళ్ళు దోపుకుని పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

మరి మీరెక్కడ పడుకుంటారని ఇస్త్రీ గారు అడిగింది. కింద హాల్లో సోఫాలున్నాయి కదండీ అన్నాను. మా అతిథులు సోఫాల మీద పడుకోరు అంది. ఆ అమ్మాయికి ఇవ్వబోయే క్వార్టర్స్ గది తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది.

వెనక పెరట్లో, వరసలో ఆఖరు గది. సున్నం వాసన. ఒక ఇనప మంచం, ఒక గూడు, ఒక కిటికీ. కిటికీలోంచి హోటల్ వెనక గోడ, లిఫ్ట్ మోటారు గది కనిపిస్తాయి. చిన్న గది కూడా ఎంత శ్రద్ధగా కట్టారో. మూలలు సరిగ్గా కలిశాయి, నేల ఎక్కడా పల్లం లేదు.

మా ఆవిడ పని మొదలుపెట్టింది. ఈసారి నేను ఆపలేదు. గూడు తుడిచింది. కిటికీ అద్దాలు తుడిచింది. లైటు స్విచ్ ఆరేళ్ళ పిల్ల చేతికి అందేలా ఉందో లేదో చూడమంది. స్విచ్ ఎత్తులో ఉంది. నేను దాన్ని కిందికి దించాను. పరికరాలు లిఫ్ట్ ముసలాయన ఇచ్చాడు. అమ్మయ్య, చేతులు ఊరికే లేవు అంది మా ఆవిడ. తన చేతుల గురించో నా చేతుల గురించో అడగలేదు.

సాయంత్రం ఆ అమ్మాయి ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. ఇంతవరకూ వెనక గుమ్మంలోంచే వచ్చేదట. ఇస్త్రీ గారు స్వయంగా తలుపు తీసి పట్టుకుని, దయచేయండి మేడమ్, ప్రయాణం బాగా జరిగిందా అని అడిగింది. పెరటి నుంచి వచ్చిన ప్రయాణం. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక, పర్వాలేదండీ, బస్సులో సీటు దొరికింది అంది. ఎవరూ నవ్వలేదు. లిఫ్ట్ ముసలాయన టోపీ తీసి చేత్తో బెంచీ చూపించాడు.

ఆమె కూర్చుంది. లిఫ్ట్ లేచింది. ముందు తల, తర్వాత మోకాళ్ళు, చివరికి వాచిన పాదాలు పైకి వెళ్ళిపోయాయి.

జూన్ 15, ఆదివారం. ఉదయం పది

పదకొండో గది అతిథి ఇంకా లేవలేదు. ఇస్త్రీ గారు మూడో అంతస్తు మెట్ల దగ్గర నిలబడి, ఎవర్నీ చెప్పులతో నడవనివ్వడం లేదు. మా ఆవిడ చెప్పులు కూడా విప్పించింది.